మారే వెలుగులో తైలవర్ణ చిత్రరచన

మీ యింటి యెదుటి సున్నపు గోడ ఏ రంగని యెవరైనా అడిగితే, తెలుపు అని వెంటనే చెబుతారు. కాని ఆ గోడనే ఉదయం ఏడు గంటలకు, మిట్టమధ్యాహ్నం, సూర్యాస్తమయ వేళ శ్రద్ధగా పరిశీలించండి. మొదట లేత పసుపు, పిమ్మట కళ్లు చెదిరే తెలుపు, సాయంకాలానికి నారింజ ఛాయ కనిపిస్తాయి. దానిపై పడిన చెట్టు నీడ కూడా నలుపు కాదు. అందులో నీలిమ వుంటుంది. గోడ మారలేదు, వెలుగు మారినది. ఆరుబయట కూర్చుండి ప్రకృతి దృశ్యాన్ని తైలవర్ణాలతో చిత్రించబూనిన వానికి ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే.

దీనికి కారణం తెలిసినదే. సూర్యుడు దిగువన వున్నప్పుడు కిరణాలు వాతావరణంలో చాలా దూరం ప్రయాణించవలసి వస్తుంది. ఆ దారిలో నీలికాంతి చెదరిపోగా పసుపు, యెరుపు కాంతులు మిగులుతాయి. నీడలోనికి యెండ రాదు గనుక, దానికి వెలుగునిచ్చేది ముఖ్యంగా నీలాకాశమే. పైగా సూర్యుడు గంటకు 15 డిగ్రీల చొప్పున జరిగిపోతూ వుంటాడు. తన బింబమంత వెడల్పు జరగడానికి రెండు నిమిషాలు చాలును. ఉదయపు నీడలు వేసి, అదే చిత్రంలో మధ్యాహ్నపు వెలుగులు దిద్దితే, ఆకాశంలో యిద్దరు సూర్యులున్నట్లు తోస్తుంది.

తైలవర్ణం స్వభావం కూడా గమనించదగినది. అవిసె నూనెలో నూరిన రంగు, నీటి రంగు వలె ఆవిరై ఆరదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి, రోజుల తరబడి మెల్లగా గట్టిపడుతుంది. పచ్చిగా వున్నంతసేపు గీకివేసి మరల వేయవచ్చును, ఇది మేలు. కాని మారిన ప్రతి వెలుగునూ పట్టుకోవాలని పచ్చి రంగుపై పదేపదే దిద్దితే, రంగులన్నీ కలిసి బురద వలె అవుతాయి.

పూర్వం చిత్రకారులు రంగులను పంది మూత్రాశయపు తిత్తులలో నిలువ చేసేవారు. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరపు ట్యూబుకు పేటెంటు పొందినాడు. దానితో రంగులను పొలాలకు మోసుకొనిపోవడం సులభమైనది. వెలుగును గూర్చిన హెచ్చరిక అంతకంటె పాతది. ఫ్రెంచి చిత్రకారుడు వాలెన్సియెన్ 1800లో ప్రకటించిన గ్రంథంలో, ఆరుబయటి అభ్యాసచిత్రం రెండు గంటలు మించరాదనీ, ఉదయాస్తమయాలకు అరగంటే గడువనీ చెప్పినాడు.

ఈ చిక్కునే తన మార్గంగా చేసుకొన్నవాడు క్లోద్ మోనె. 1890-91లో ఫ్రాన్సులోని జివెర్నీ గ్రామంలో, తన యింటి సమీపాన వున్న కుప్పలను ఆయన చిత్రించినాడు. ఇంగ్లీషు పేరును బట్టి వీటిని గడ్డివాములంటారు గాని, అవి నూర్పిడి కాని గోధుమ పనల కుప్పలు. వెలుగు మారగానే ఆయన ఆ చిత్రాన్ని దిద్దలేదు. దానిని ప్రక్కనబెట్టి, మరొక కాన్వాసు తెప్పించినాడు. మరల అట్టి వెలుగు వచ్చినప్పుడే మొదటిదానిని చేతబట్టినాడు. తుదిమెరుగులు చిత్రశాలలో దిద్దినాడు. 1891 మే నెలలో పారిస్‌లో అట్టి కుప్పల చిత్రాలు పదిహేను ప్రదర్శితమైనవి. ఆ యేడే ఎప్ట్ నది ఒడ్డున పోప్లార్ చెట్లను చిత్రిస్తూ వుండగా, వాటిని కలపకై వేలం వేస్తున్నట్లు తెలిసినది. మోనె కలప వర్తకునికి సొమ్ము చెల్లించి, తన పని ముగిసేవరకు వాటిని కొట్టకుండా నిలిపించినాడు. చెట్లను సొమ్ముతో నిలుపగలిగినాడు. వెలుగు కొరకు మాత్రం మరునాటి దాకా వేచివుండక తప్పలేదు.

కుంచె పట్టదలచిన శ్రోతలు చిన్న కాన్వాసుతో ప్రారంభించడం మంచిది. కాన్వాసుపైన, రంగుల పలకపైన యెండ పడనీయరాదు. పడితే రంగుల తూకం తప్పుతుంది. మొదటి పది నిమిషాలలో నీడల హద్దులు గుర్తించి, పిమ్మట వాటిని మార్చకండి. వెలుగు మారినప్పుడు పని ఆపి, మరునాడు అదే గంటకు రండి. మబ్బు పట్టితే ఆ మరునాడు రండి. కుంచె పట్టనివారు కూడా రేపు ఉదయం మీ యెదుటి గోడను ఒకసారి చూడండి. సాయంకాలం మరొకసారి చూడండి.