కుక్క, పిల్లుల చర్మ సంరక్షణ: మడకశిర మెట్ట ప్రాంతంలో గమనించవలసిన విషయాలు

కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న మడకశిర ప్రాంతం 2022 వరకు అనంతపురం జిల్లాలోనూ, అటు తరువాత శ్రీ సత్యసాయి జిల్లాలోనూ భాగంగా ఉన్నది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల సగటు వర్షపాతం గల ఈ కరువు పీఠభూమిలో వేరుశనగ, రాగి పంటలతో పాటు గొర్రెల పెంపకం ప్రధాన జీవనాధారం. మందకు రాత్రి కాపలా కుక్కది. ధాన్యపు గదిలో ఎలుకల నివారణ పిల్లిది. ఇంతటి ఉపయోగం ఉన్నప్పటికీ ఈ రెండింటి ఆరోగ్యం పశువైద్య శిబిరాలలో లెక్కకు రావడం అరుదు. వెంట్రుకలు రాలి, చర్మం మందమెక్కి, దుర్వాసన వచ్చేవరకు యజమాని పట్టించుకోడు. పట్టించుకున్నప్పుడు గొర్రెల కోసం తెచ్చిన మందులో మిగిలిన కాస్తను వాడతాడు. అసలు ప్రమాదం అక్కడే ఉన్నది.

కుక్క చర్మం చూడడానికి మొరటుగా ఉన్నా మనిషి చర్మం కన్న పలుచనిది. దాని పైపొరలో సాధారణంగా మూడు నుంచి అయిదు వరుసల కణాలు మాత్రమే ఉంటాయి. ఆ లోటును వెంట్రుకలు, చర్మపు నూనె పూడుస్తాయి. మనుషుల సబ్బుతో తరచుగా రుద్ది కడిగితే ఆ నూనె పోయి చర్మం పొడిబారి దురద పుడుతుంది. నీటి ఎద్దడి గల ప్రాంతంలో స్నానం కన్న రోజూ దువ్వడం మేలు. దువ్వెన రాలిన వెంట్రుకలను తీస్తుంది, నూనెను ఒళ్లంతా పరుస్తుంది, పరాన్నజీవులను కంటికి చూపుతుంది. పిల్లి తన ఒంటిని తానే నాకి శుభ్రపరచుకుంటుంది. ఆ అలవాటు మానిన పిల్లికి జబ్బు చేసినట్లే భావించాలి.

వెంట్రుక దాదాపు పూర్తిగా మాంసకృత్తులతో తయారవుతుంది. కుక్క తీసుకునే మాంసకృత్తులలో 25 నుంచి 30 శాతం వరకు చర్మానికి, వెంట్రుకలకే ఖర్చు కాగలదు. మడకశిర పల్లెల్లో కుక్కకు దొరికేది ఎక్కువగా రాగిముద్ద, మజ్జిగ. రాగి మంచి ఆహారమే. అయితే 100 గ్రాముల రాగిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం, దానితో పాటు ఫైటేట్లు ఉంటాయి. ఈ రెండూ జింక్‌ను ఒంటికి పట్టనివ్వవు. ఎదిగే కుక్కపిల్లలలో కళ్ల చుట్టూ, మూతి మీద, పాదాల మెత్తలపై పెచ్చులు కడితే గజ్జి అనుకునే ముందు మేత గురించి విచారించాలి. ముద్దలో ఉడికించిన గుడ్డో మాంసపు ముక్కలో, చెంచాడు వేరుశనగ నూనో కలిపితే మాంసకృత్తులు, లినోలిక్ ఆమ్లం అందుతాయి. బూజు పట్టిన వేరుశనగ చెక్కను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేయరాదు. అందులోని అఫ్లాటాక్సిన్ కుక్క కాలేయాన్ని త్వరగా దెబ్బతీస్తుంది. పిల్లికి అన్నం, పాలు చాలవు. టారిన్, అరాకిడోనిక్ ఆమ్లం మాంసాహారం నుంచే లభించాలి.

మేత సరిగా ఉన్నా పిడుదుల బెడద తీరదు. గోధుమరంగు కుక్క పిడుదు పిల్లదశలోనూ, నడిమిదశలోనూ, పెద్దదయ్యాకా మూడుసార్లు కుక్కను పట్టి, రక్తం తాగాక మూడుసార్లూ రాలిపోతుంది. మిగిలిన జీవితమంతా గోడల్లోనే. నిండుగా రక్తం తాగిన ఆడపిడుదు రాతిగోడ ఎక్కి సందుల్లో నాలుగు వేల వరకు గుడ్లు పెట్టగలదు. కనుక కుక్కకు మాత్రమే మందు వేసి, కొట్టం గోడను వదిలేసిన యజమాని కొన్ని వారాలకే మళ్లీ మొదటికి వస్తాడు. మందు పనిచేయలేదన్న ఫిర్యాదులలో అనేకం ఇటువంటివే. రాతికట్టు సందులను మట్టితోనో సిమెంటుతోనో పూడ్చడం, కుక్క పడుకునే గోనెసంచిని తీసి కాల్చివేయడం, గోడ అడుగుభాగాన పశువైద్యుడు సూచించిన మందును విడతలుగా పిచికారీ చేయడం చికిత్సలో భాగమే తప్ప అదనపు పని కాదు. ఒంటిమీది పిడుదును పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి, వేళ్లతో నలపరాదు. ఈ పిడుదు ఎర్లిషియా కానిస్ అనే సూక్ష్మజీవిని వ్యాపింపజేస్తుంది. జ్వరం, మేత మానడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు వెంట రక్తం కారడం కనిపిస్తే వెంటనే రక్తపరీక్ష అవసరం. డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు ఇవ్వాల్సి ఉంటుంది. కోలుకున్నట్లు కనిపించగానే ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు.

ఒకేలా కనిపించే చర్మవ్యాధులను వేరు చేయడం విద్యార్థులకు కష్టం. చెవి అంచులు, మోచేతుల వద్ద మొదలై విపరీతమైన దురద పెట్టేది సార్కోప్టిక్ గజ్జి. చెవి అంచును వేళ్ల మధ్య రుద్దినప్పుడు కుక్క వెనుకకాలితో గోక్కునే ప్రయత్నం చేస్తే అనుమానం బలపడుతుంది. గీకి తీసిన నమూనాలో పురుగు కనబడనంత మాత్రాన గజ్జి లేదని తేల్చరాదు. డెమోడెక్స్ వెంట్రుక కుదుళ్లలో ఉంటుంది కనుక చర్మాన్ని ఒత్తి లోతుగా గీకాలి. ఇది మొదట్లో అంతగా దురద పెట్టదు, మనుషులకు సోకదు. గజ్జి, తామర మాత్రం ఇంట్లో పిల్లలకు అంటుతాయి. పిల్లి ముఖం, చెవులపై బూడిదరంగు పెచ్చులు కడితే నోటోఎడ్రిస్ గజ్జిని అనుమానించాలి. తామర సోకిన పిల్లిలో ఒక్కోసారి ఏ లక్షణమూ కనిపించదు. ఇంట్లో పిల్లవాడికి గుండ్రని మచ్చ వచ్చి పదేపదే తిరగబెడుతుంటే పిల్లిని కూడా పరీక్షించాలి.

ఇక గొర్రెల మందుల సంగతి. ఒక శాతం ఐవర్‌మెక్టిన్ సూదిమందును గొర్రెలకు 50 కిలోల బరువుకు ఒక మిల్లీలీటరు చొప్పున లెక్కిస్తారు. ఆ లెక్క ప్రకారం కిలో బరువున్న పిల్లికూనకు వచ్చేది 0.02 మిల్లీలీటరు. పల్లెలో దొరికే సిరంజితో అంత తక్కువ కొలవడం అసాధ్యం; కంటి అంచనాతో ఎక్కిస్తే పదింతలు పడవచ్చు. కోలీ వంటి జాతుల కుక్కలలో జన్యులోపం కారణంగా ఈ మందు మెదడులోకి చేరి వణుకు, అపస్మారకం కలిగిస్తుంది. సంకరజాతి కుక్కలో ఆ లోపం ఉన్నదీ లేనిదీ చూపుతో తెలియదు. పర్మెత్రిన్ కుక్కకు సరిపడుతుంది, పిల్లికి ప్రాణాంతకం. ఆ మందును విరిచే శక్తి పిల్లి కాలేయానికి తగినంత లేదు. అప్పుడే మందు పూసిన కుక్క పక్కన పడుకున్నా పిల్లికి మూర్ఛలు రావచ్చు. అమిట్రాజ్ కూడా పిల్లికి వాడదగినది కాదు. వాడిన ఇంజన్ ఆయిల్, కిరోసిన్ పూయడం గజ్జి వైద్యమే కాదు. చర్మం కాలుతుంది, నాకినప్పుడు అది కడుపులోకి పోతుంది. కుక్కల కోసమే తయారైన ఫ్లూరలానర్ మాత్ర ఒకసారి ఇస్తే సుమారు 12 వారాలు పిడుదులను అదుపులో ఉంచుతుంది. మూర్ఛల చరిత్ర గల కుక్క విషయంలో పశువైద్యుని సలహా తప్పనిసరి.

ఏ మందైనా బరువును బట్టే నిర్ణయించాలి. పల్లెలో ఇందుకు వేరే యంత్రం అక్కరలేదు. వేరుశనగ బస్తాలు తూచే ప్లాట్‌ఫారం కాటాపై యజమాని మొదట ఒంటరిగా, తరువాత కుక్కను ఎత్తుకుని నిలబడితే రెండింటి తేడాయే కుక్క బరువు. గొర్రెల టీకా శిబిరానికి మందతో పాటు కాపలా కుక్కను కూడా తీసుకురమ్మని ముందురోజే చాటింపు వేయిస్తే, ఆ కాటా వద్దనే చెవులు, వేళ్ల సందులు, మెడ కింది భాగం పరీక్షించి నమూనాలు సేకరించవచ్చు.