మోటారుకు వివేకము నేర్పు పిల్లలు

బోరుబావి గల రైతు సోదరులందరు ఆటో స్టార్టరు నెరుగుదురు. కరెంటు వచ్చిన వెంటనే అది తనంతట మోటారును నడిపించును. రాత్రివేళ కరెంటు వచ్చినచోట రైతు చీకటిలో పాముకు, తేలుకు వెరచుచు చేనికి పోవు బాధ దీనివలన కొంత తప్పినది. అయితే ఈ పెట్టెకు తెలిసిన నియమము ఒక్కటే: "కరెంటు వచ్చినచో మోటారు నడుపుము." చేను ఇదివరకే తడిసియున్నదా, బోరులో నీరున్నదా, బోదె తెగినదా అని అది అడుగదు. 2018 జనవరి 1వ తేదీ నుండి తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తు నిచ్చినప్పుడు, ఆటో స్టార్టర్లను తీసివేయవలసినదిగా అధికారులు రైతులను కోరిరి. కరెంటు ఆగనిచో మోటారు కూడ ఆగదు. భూమిలోని నీరు అక్కరలేకున్నను పైకి వచ్చి వృథా యగును.

ఇచ్చట లోపము మోటారుది కాదు. దానికి మనము చెప్పిన నియమము చాలలేదు. చూచి, ఆలోచించి, పిదప పనిచేయు నియమమును యంత్రమునకు చెప్పుట యెట్లో నేడు 6వ తరగతి పిల్లలు సయితము నేర్చుకొనగలరు. పాఠశాలలలో రోబోటు పాఠములను పేర జరుగునది ఇదియే. ఈ చదువును బొమ్మలాటయని త్రోసివేయక, అందు ఏమున్నదో, మీ పిల్లలకు ఎట్లు ఉపయోగపడునో తెలిసికొనుట మంచిది.

రోబోటు అనగానేమి?

రోబోటు అనగానే మనిషి ఆకారము గల ఇనుప బొమ్మ మనస్సునకు వచ్చును. అట్టి ఆకారము అవసరము లేదు. మూడు భాగములున్న చాలును.

1. సెన్సారు: ఇది కన్ను, చెవి, చర్మము వంటిది. వెలుతురును, దూరమును, వేడిని, మట్టిలోని తడిని కనిపెట్టి అంకెల రూపమున తెలుపును.

2. బోర్డు: ఇది మెదడు వంటిది. అరచేతిలో పట్టు చిన్న పలక. పిల్లలు వ్రాసిన ఆజ్ఞల వరుస దీనిలో నుండును. ఆ వరుసకే ప్రోగ్రామని పేరు.

3. మోటారు: ఇది కాలుసేతుల వంటిది. చక్రము త్రిప్పును, నీరు తోడును, గేటు తెరచును.

పాఠశాలలలో ఎక్కువగా వాడునది ఆర్డుయినో ఊనో అను బోర్డు. ఆర్డుయినో 2005లో ఇటలీలో పుట్టినది. ఈ బోర్డు సెన్సారునుండి వచ్చు విద్యుత్తును 0 మొదలు 1023 వరకు గల అంకెగా మార్చును. కాని మోటారును ఇది స్వయముగా నడుపలేదు. బోర్డు కాలు ఒక్కొక్కటి సుమారు 20 మిల్లీ ఆంపియర్ల కరెంటు మాత్రమే ఇయ్యగలదు. చిన్న బొమ్మ మోటారుకు కూడ దానికి అనేక రెట్లు కావలెను. కనుక నడుమ రిలేయో, మోటారు డ్రైవరో ఉంచవలెను. మీ స్టార్టరులో వ్రేలితో నొక్కు బొత్తాము వేరు, మోటారు కరెంటును మోయు లోపలి కాంటాక్టులు వేరు. ఇదియు అట్టిదే. ఈ పోలిక చెప్పినచో రైతు బిడ్డ వెంటనే గ్రహించును.

ఈ బోధన ఎట్లు ఆరంభమైనది?

1967లో అమెరికాలో సేమర్ పాపర్ట్, వాలీ ఫోయర్జీగ్, సింథియా సాలమన్ మున్నగువారు పిల్లల కొరకు లోగో అను కంప్యూటరు భాషను తయారుచేసిరి. "ముందుకు పొమ్ము, కుడికి తిరుగుము" అని చెప్పినచో నేలపై కదలు తాబేలు వంటి యంత్రమును దానితో నడిపిరి. తాబేలు ఎటు తిరుగవలెనో తెలియనప్పుడు పిల్లవాడు తానే లేచి నడచి చూచుకొనును. అట్లు నడచుటలోనే లెక్క బోధపడును. తరువాత 1998లో లెగో మైండ్‌స్టార్మ్స్ పెట్టెలు, 2007లో స్క్రాచ్ అను భాష, 2016లో మైక్రోబిట్ అను బోర్డు వచ్చినవి. స్క్రాచ్‌లో ఆజ్ఞలను టైపు చేయనక్కరలేదు. రంగురంగుల ముక్కలను ఒకదానిక్రింద నొకటి అతికించినచో ప్రోగ్రామగును. సామానులు మారినను పద్ధతి మాత్రము పాపర్ట్ నాటిదే: పిల్లవాడు చెప్పవలెను, యంత్రము చేయవలెను, తప్పిపోయినచో పిల్లవాడే వెదకి దిద్దవలెను.

మొదటి పాఠము: నడిపించుట

యంత్రమును ముట్టుకొనక ముందు ఒక పిల్లను రోబోటుగా నిలబెట్టి, తక్కినవారిచే ఆజ్ఞలు చెప్పింపవలెను. "తలుపు వద్దకు పో" అని చెప్పకూడదు. "నాలుగు అడుగులు ముందుకు, కుడికి తిరుగుము, రెండు అడుగులు ముందుకు" అని చెప్పవలెను. ఒక అడుగు ఎక్కువైనచో పిల్ల గోడను తాకును, అందరు నవ్వుదురు. యంత్రము మన మనస్సులోనిది చేయదు, మనము చెప్పినదే చేయునని అప్పుడు తెలియును.

తరువాత రెండు మోటార్లు గల చిన్న బండిని ఇయ్యవలెను. రెండును సమముగా తిరిగినచో బండి తిన్నగా పోవును. ఎడమది ఆగి కుడిది తిరిగినచో ఎడమకు మళ్ళును. చక్రము అడ్డుకొలత 6.5 సెంటీమీటర్లైనచో చుట్టుకొలత సుమారు 20.4 సెంటీమీటర్లు, 5 చుట్లు తిరిగినచో బండి మీటరుకు కొంచెము పైగా పోవును. దీనిని పిల్లలు ముందుగా లెక్కకట్టి, పిదప టేపుతో కొలిచి చూడవలెను. సాధారణముగా బండి కొంత ప్రక్కకు పోవును. జోడెడ్లలో ఒకటి చురుకుగా, రెండవది మెల్లగా నడచినచో నాగటి చాలు వంకర యగునట్లే, రెండు మోటార్లు ఎన్నడును సరిగా ఒకే తీరున తిరుగవు. ఏ మోటారు వేగము ఎంత తగ్గింపవలెనో పిల్లలే పరీక్షించి నిర్ణయించుట ఈ పాఠములో ముఖ్యాంశము.

రెండవ పాఠము: చూచి ఆగుట

బండికి దూరము కొలుచు సెన్సారును కట్టవలెను. అది మన చెవికి వినబడని ధ్వనిని పంపి, ఎదుటి వస్తువును తాకి తిరిగివచ్చుటకు పట్టిన కాలమును కొలుచును. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. అడ్డము 15 సెంటీమీటర్ల దూరమున నున్నచో ధ్వని పోయివచ్చునది 30 సెంటీమీటర్లు. సెకనులో వెయ్యవ వంతు కూడ పట్టదు.

ప్రోగ్రాము ఇట్లుండును: దూరము కొలువుము, 15 సెంటీమీటర్ల కంటె తక్కువైనచో ఆగుము, లేనిచో ముందుకు పొమ్ము, మరల మొదటినుండి చేయుము. ఈ "మరల" అనునది మరువరాదు. ఒక్కమారు చూచి, పిదప కన్నులు మూసికొని నడచు బండి గోడకు గుద్దుకొనును. పాఠము ముగియక ముందు గోడకు బదులు మెత్తని గోనె సంచిని, ఏటవాలుగా పెట్టిన పలకను అడ్డముంచి చూపవలెను. మెత్తని వస్తువు ధ్వనిని మ్రింగును, ఏటవాలు పలక ప్రక్కకు త్రోయును. సెన్సారు చెప్పినదెల్ల నిజము కాదని పిల్లలకు అనుభవమున తెలియును.

మూడవ పాఠము: తడి చూచి నీరు పెట్టుట

రైతు కుటుంబమునకు సన్నిహితమైన పాఠమిది. ఒక పూలకుండీ, తడిని కనిపెట్టు సెన్సారు, బ్యాటరీతో నడచు చిన్న పంపు, ఒక నీళ్ళ డబ్బా కావలెను. నీటిని ఎప్పుడు పోయవలెనను అంకెను ఏ పుస్తకమునుండియు తీసికొనరాదు. దానిని ఈ విధముగా కనుగొనవలెను.

మీ చేని మట్టిని బాగుగా ఎండబెట్టి, నలిపి, 5 డబ్బాలలో ఒక్కొక్క కిలో చొప్పున పోయవలెను. మొదటిదానిని పొడిగా నుంచి, తక్కినవానిలో వరుసగా 50, 100, 150, 200 మిల్లీలీటర్ల నీరు కలిపి, మూతపెట్టి ఒక రాత్రి ఉంచవలెను. మరునాడు సెన్సారును అన్నిటిలో ఒకే లోతుకు గ్రుచ్చి, మూడేసిమార్లు అంకెను చూచి, సగటును వ్రాసికొనవలెను. వాడుకలో నున్న పెక్కు సెన్సార్లలో మట్టి పొడిగా నున్నచో అంకె పెద్దది, తడిగా నున్నచో చిన్నది యగును.

ఇక్కడ బోర్డునకు తెలియనిది, మీకు తెలిసినది ఒకటి కలదు. డబ్బాలలోని మట్టిని పిడికిట పట్టి, ఏది తడి పెట్టవలసిన స్థితిలో నున్నదో మీరు చెప్పగలరు. మీరు చూపిన డబ్బా అంకెయే ప్రోగ్రాములో వ్రాయవలసిన అంకె. నేలను బట్టి ఇది మారును. ఇసుకపాలు ఎక్కువగల ఎర్రనేలలో 10 శాతము తడి పైరుకు చాలవచ్చును. నల్లరేగడిలో అంతే తడి యున్నను పైరు వాడును. రేగడి మట్టి నీటిని గట్టిగా పట్టియుంచి వేళ్ళకు విడువదు. కావున ఒక ఊరి అంకె మరియొక ఊరికి పనికిరాదు.

ప్రోగ్రాము వ్రాయునప్పుడు ఈ క్రింది మూడు జాగ్రత్తలు నేర్పవలెను.

ఒకటి: మోటారు ఆరంభమగు అంకె, ఆగు అంకె వేరువేరుగా నుండవలెను. ఉదాహరణకు 700 దాటినచో నడుపుము, 450కి తగ్గినచో ఆపుము. రెండింటికి ఒకే అంకె నుంచినచో మోటారు క్షణక్షణము ఆగుచు, కదలుచు చెడిపోవును.

రెండు: నీరు మట్టిలో దిగుటకు సమయము కావలెను. 5 సెకండ్లు పోసి, 2 నిమిషములు ఆగి, మరల కొలువవలెను. లేనిచో సెన్సారు తడిని తెలుపులోగా కుండీ పొంగిపోవును.

మూడు: 10 మార్లు పోసినను అంకె తగ్గకున్నచో పంపును ఆపి గంట మ్రోగింపవలెను. డబ్బాలో నీరు లేకపోవచ్చును, గొట్టము ఊడియుండవచ్చును, సెన్సారు బయటికి వచ్చియుండవచ్చును. ఆటో స్టార్టరుకు లేని వివేకమిదియే. సందేహము కలిగినచోట యంత్రము ఆగి మనిషిని పిలువవలెను.

లోహపు పుల్లలు గల సెన్సారుకు ఎడతెగక విద్యుత్తు నిచ్చినచో కొలది దినములలో తినివేయబడును. కొలుచు సమయమున మాత్రమే విద్యుత్తు నియ్యవలెను.

గమనింపవలసిన విషయములు

ఈ పనులన్నియు చిన్న బ్యాటరీలతో మాత్రమే చేయవలెను. ఇంటి కరెంటునకు గాని, పొలములోని మూడు ఫేజుల స్టార్టరు పెట్టెకు గాని పిల్లలు ఎట్టి పరిస్థితులలోను తీగ తగిలింపరాదు. కుండీ వద్ద పనిచేసినదని ఈ సామానును బోరు మోటారుకు కట్టుట ప్రమాదకరము. ఆ పని అర్హత గల ఎలక్ట్రీషియనుది. ఉబ్బిన బ్యాటరీని వాడరాదు.

నలుగురు పిల్లలకు ఒక పెట్టె ఇచ్చి, తీగలు కలుపుట, ప్రోగ్రాము వ్రాయుట, కొలుచుట, పుస్తకములో వ్రాయుట అను పనులను వారము వారము మార్చవలెను. లేనిచో చురుకైనవాడొక్కడే అంతయు చేయును. ఆడపిల్లలు వ్రాతపనికే పరిమితమగుదురు. ఉపాధ్యాయుడు తయారుచేసిన ప్రోగ్రామును ఎక్కించి, తిరుగు బండిని చూపి చప్పట్లు కొట్టించుట బోధన కాదు. బండి తిరుగనప్పుడు ఎందుకు తిరుగలేదో వెదకుటయే బోధన.

గ్రామాధికారులు, తల్లిదండ్రులు చేయవలసినది

2016లో ఆరంభమైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ క్రింద దేశములో 10,000కు పైగా పాఠశాలలలో టింకరింగ్ లాబులు ఏర్పడినవి. ఇవి 6 నుండి 12వ తరగతి వరకు గల పిల్లల కొరకు ఉద్దేశింపబడినవి. ఎంపికైన పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు లభించు పథకమిది. రానున్న 5 సంవత్సరములలో ప్రభుత్వ పాఠశాలలలో 50,000 లాబులు నెలకొల్పుదుమని 2025-26 కేంద్ర బడ్జెట్టులో ప్రకటించిరి.

మీ మండలములో ఏ పాఠశాలకు లాబు కలదో కనుగొనుడు. అది వారమునకు ఎన్ని గంటలు తెరచియుండునో పాఠశాల కమిటీ సమావేశములో అడుగుడు. బీరువాలో తాళము వేసిన సామాను ఎంత విలువైనదైనను, గాదెలో మ్రగ్గిన విత్తనము వంటిదే. లాబు లేని ఊరిలో ఒక్క కంప్యూటరున్నను స్క్రాచ్‌తో ఆరంభింపవచ్చును. మైక్రోబిట్ ప్రోగ్రామును కూడ బోర్డు లేకయే తెరపై నడిపి చూడవచ్చును. మట్టి డబ్బాల పరీక్షనాడు అనుభవజ్ఞులైన ఇద్దరు ముగ్గురు రైతులను పాఠశాలకు తీసికొనిపోవుడు.

మన పిల్లలలో ఎందరు ఇంజనీర్లగుదురో చెప్పలేము. కాని రేపు చేనిలో ఏ కొత్త యంత్రము వచ్చినను, "ఇది దేనిని చూచి నడచుచున్నది? ఏ అంకెవద్ద ఆగును? తప్పు చూచినచో ఏమి చేయును?" అని అడుగగలవానిని అమ్మకందారు మోసగింపలేడు, వాని బోరులోని నీరు కూడ వృథాగా పోదు. ఆ మూడు ప్రశ్నలు అడుగుట మీ బిడ్డ ఒక కుండీ వద్ద, ఒక చిన్న పంపుతో నేర్చుకొనగలదు. ఈ వారమే పాఠశాలకు వెళ్ళి విచారింపుడు.