గింజల బ్యాంకు

మంచి జొన్న కంకి ఒకటి చేతికి దొరికితే అందులో ఎన్ని గింజలున్నాయో లెక్కపెట్టి చూడండి. ఓపిక ఉండాలి సుమా! లెక్క వెయ్యి దాటినా ఆశ్చర్యం లేదు. అన్ని గింజలూ పుట్టింది ఒకే ఒక్క గింజ నుంచి. ఆ గింజనే నేలలో వేయక నోట్లో వేసుకుంటే ఏమవుతుంది? దాని కథ అక్కడితో సరి.

తిన్న గింజ పెరగదు, నాటిన గింజ పెరుగుతుంది. ఇది చిన్న పిల్లలకు కూడా తెలిసిన సంగతే. అయితే ఈ చిన్న సంగతినే ఆధారం చేసుకుని, తెలంగాణలో కొన్ని వేలమంది పేద స్త్రీలు తమ పేదరికంతో పోరాడారు. ఆ పోరాటం ఎట్లా జరిగిందో తెలుసుకుందాం.

హైదరాబాదు నుంచి ముంబయి వెళ్ళే రోడ్డు మీద పడమరగా సుమారు 100 కిలోమీటర్లు పోతే జహీరాబాదు వస్తుంది. మరి కాస్త దూరం పోతే కర్ణాటకమే. ఇప్పుడిది సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. 2016కు ముందు మెదకు జిల్లాలో ఉండేది. జహీరాబాదు పక్కనే పస్తాపూర్ అనే ఊరున్నది. ఆ పేరు వినగానే మీకు పస్తులు గుర్తు రావచ్చు. నిజంగానే నలభై ఏళ్ళకు పూర్వం ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పేదవాళ్ళకు పస్తులు కొత్త కాదు.

వాళ్ళలో చాలామందికి అసలు భూమి లేకపోలేదు. ప్రభుత్వం భూసంస్కరణల కింద పంచిన ఎకరమో రెండెకరాలో కొందరికి ఉండేది. కాని అది ఎటువంటి భూమి? రాళ్ళు తేలిన ఎర్రనేల. వాన పడితే ఉన్న కాస్త మన్నూ కొట్టుకుపోయేది. దున్నుదామంటే ఎద్దులు లేవు, వేద్దామంటే ఎరువు లేదు, చల్లుదామంటే విత్తనం లేదు. అంచేత సొంత భూమిని బీడు పెట్టి, మందిపొలంలో కూలికి పోయేవారు.

అన్నిటికన్న గడ్డురోజులు వానాకాలంలో వచ్చేవి. పాతగింజలు అయిపోతాయి, కొత్త పంట ఇంకా చేతికి రాదు. అప్పుడు పెద్ద రైతు ఇంటికి వెళ్ళి గింజలు అప్పు తెచ్చుకోవాలి. తెలంగాణలో ఇట్లాంటి అప్పును నాగు అనేవారు. ఒక బస్తా తెచ్చుకుంటే పంటల కాలంలో ఒకటిన్నర బస్తా కొలవాలి. ఇప్పుడు మీరే లెక్క వెయ్యండి. తెచ్చుకున్న బస్తా తిండికే అయిపోయింది. తిన్న గింజ పెరగదని చెప్పుకున్నాం గదా? మరి ఆ పై అరబస్తా ఎక్కణ్ణించి రావాలి? వచ్చే ఏటి తిండిలోంచే రావాలి! అంచేత మరుసటి ఏడు ఇంకా ముందుగానే గింజలు నిండుకునేవి, ఇంకా పెద్ద అప్పు చెయ్యవలసి వచ్చేది. పేదరికం అంటే డబ్బు లేకపోవటం ఒక్కటే కాదు. ఇట్లా తిరిగే గానుగలో చిక్కుకోవటం కూడాను.

1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ పస్తాపూర్ కేంద్రంగా పని మొదలుపెట్టింది. దీన్ని స్థాపించినవారిలో ముఖ్యులు పి.వి.సతీష్ గారు. ఆయన మైసూరు ప్రాంతంవారు, దూరదర్శన్‌లో కార్యక్రమాలు తయారుచేసినవారు. ఇది లాభం కోసం పెట్టిన కంపెనీ కాదు, ప్రభుత్వ కార్యాలయమూ కాదు, స్వచ్ఛంద సంస్థ. ఊరూరా పేద స్త్రీలు, ముఖ్యంగా దళిత కుటుంబాలవాళ్ళు, సంఘాలుగా ఏర్పడ్డారు. ఏ పని చెయ్యాలన్నా సంఘంలో కూర్చుని మాట్లాడుకోవలసిందే. కాలక్రమాన ఈ సంఘాలు సుమారు 75 ఊళ్ళకు పాకి, సభ్యులు 5,000 దాకా అయ్యారు.

మొదట భూమి సంగతి చూశారు. బీడులోని రాళ్ళు ఏరారు. ఏరిన రాళ్ళనే గట్లుగా పేర్చారు. ఇందువల్ల రెండు లాభాలు కలిగాయి: నాగలికి అడ్డం పోయింది, వాననీటికి అడ్డం పడింది. గట్టు దగ్గర నీరు ఆగి మెల్లిగా ఇంకేది. నీటితోబాటు కొట్టుకుపోయే మన్ను కూడా అక్కడే నిలిచేది. ఈ పనికి సంస్థ కూలి ఇచ్చేది. తన పొలం బాగుచేసుకుంటే తనకే కూలి! లేకపోతే వాళ్ళు సొంత పొలంలో పనిచెయ్యటమెట్లా? ఆ పూట తిండి ఎక్కణ్ణించి వస్తుంది?

భూమి తయారయింది. మరి విత్తనం? పూర్వం ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళు విత్తనం దాచేవారు. పంట కొయ్యకముందే చేలో తిరిగి, బలమైన కంకులు ఏరి వేరుగా పెట్టేవారు. బాగా ఎండబెట్టి, బూడిదా వేపాకూ కలిపి, కుండల్లోనో వెదురుబుట్టల్లోనో పోసి, పేడా మట్టీ కలిపి మూత మెత్తేవారు. బూడిద గింజల మధ్య సందుల్లోకి చేరి పురుగుల వంటిమీది తడిని లాగేస్తుంది; పురుగులు బతకవు. వేపాకు చేదు వాటికి సరిపడదు. మూత మెత్తితే గాలిలోని చెమ్మ లోపలికి పోదు. ఇందులో చాలా సైన్సున్నది. అయితే ఆకలి ముంచుకొచ్చినప్పుడు దాచిన విత్తనం కూడా తినక తప్పదు. అట్లా ఎన్నో ఇళ్ళలో బుట్టలు ఖాళీ అయి, పాత పంటలు కనుమరుగు కాసాగాయి.

అప్పుడు సంఘాలవాళ్ళు ఊరూరా విత్తన బ్యాంకులు పెట్టుకున్నారు. బ్యాంకంటే ఇనప్పెట్టెలూ తాళాలూ ఉంటాయనుకోకండి. ఒక గది, నిండా బుట్టలు, కుండలు. ఒక బుట్టలో పచ్చజొన్న, ఒక దాంట్లో కొర్ర, ఇంకొక దాంట్లో సామ, కంది, పెసర, అనుము, ఉలవ, నువ్వు. విత్తనం కావలసిన సభ్యురాలు వచ్చి తీసుకుపోతుంది. డబ్బు ఇవ్వనక్కరలేదు. పంట వచ్చాక తీసుకున్నదానికి రెండింతలు తెచ్చి పొయ్యాలి. అదే షరతు.

“ఇదేమిటి! నాగులో ఒకటికి ఒకటిన్నరే గదా, ఇక్కడ రెండింతలా?” అని మీరడగవచ్చు. మంచి ప్రశ్నే. జవాబు మనం మొదట చెప్పుకున్న మాటలోనే ఉన్నది. ఎకరానికి సుమారు 4 కిలోల జొన్న విత్తనం చాలు. కాలం ఓ మోస్తరుగా ఉన్నా మూడు నాలుగు క్వింటాళ్ళు పండుతుంది. అంటే 300, 400 కిలోలు. అందులోంచి 8 కిలోలు తీసి ఇవ్వటం ఏపాటి? తిండిగింజకు వడ్డీ కడితే ఇల్లు గుల్ల అవుతుంది. విత్తనానికి వడ్డీ కడితే తెలియనైనా తెలియదు. ఇంకొక తేడా కూడా ఉన్నది. నాగు వడ్డీ పోయి ఇంకొకరి గాదెలో పడేది. ఈ వడ్డీ వచ్చి తమ బుట్టలోనే పడుతుంది! ఈ ఏడు ఒకామెకు ఇచ్చిన విత్తనం పై ఏటికి ఇద్దరికి వస్తుంది, ఆ పై ఏటికి నలుగురికి. అన్ని ఏళ్ళూ లెక్క ఇంత చక్కగా నడవదనుకోండి. వానలు లేని ఏడు తిరిగి పొయ్యటం కష్టమే. అయినా లెక్క దారి మాత్రం అదే.

వీళ్ళ చేను చూస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. ఒకే చేలో ఇరవై రకాల పంటలు కూడా ఉంటాయి! జొన్న సాలు పక్కన కంది, దాని పక్కన పెసర, మధ్య మధ్య కొర్ర, నువ్వు, బొబ్బర, గోంగూర. ఇది చూసి కలగాపులగం అనుకోకూడదు. జొన్న వేళ్ళు పైమట్టిలో గుబురుగా అల్లుకుంటాయి. కంది వేరు లోతుకు పోతుంది. కనక రెండూ ఒకే చోట నీటికోసం పోట్లాడుకోవు. కంది, పెసర, బొబ్బర వంటి మొక్కల వేళ్ళకు చిన్న చిన్న బుడిపెలుంటాయి. వాటిలో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఆహారంగా మార్చుతుంది. మీ పెరట్లో బొబ్బర మొక్క ఉంటే జాగ్రత్తగా పెళ్ళగించి చూడండి, బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని చిదిమితే లోపల గులాబిరంగుగా ఉంటే, అది పని చేస్తున్నదన్నమాట. కొనకుండా వచ్చే ఎరువిది!

పైగా అన్ని పంటలూ ఒకేసారి చెడవు. మొదట వానలు తప్పితే పెసర పోవచ్చు, తరవాతి వానలకు కంది నిలుస్తుంది. ఏదో ఒకటి ఇంటికి వస్తుంది. పిడికెడు ఆస్తి ఉన్నవాడికి ఇంతకన్న మంచి బీమా ఏముంటుంది? నల్లనేలల్లో చలికాలపు పంటలున్నాయి. ఇవి నేలలో మిగిలిన చెమ్మతోనూ, రాత్రి కురిసే మంచుతోనూ పండుతాయి. నీరు పెట్టకపోయినా మాట తప్పవు గనక అక్కడి స్త్రీలు వీటికి సత్యం పంటలని పేరు పెట్టుకున్నారు. విత్తకపోయినా మొలిచే తుమ్మికూర, దొగ్గలికూర, జొన్నచెంచలి ఉండనే ఉన్నాయి. కలుపని పీకి పారెయ్యకుండా వండుకుంటే, పైసా ఖర్చు లేకుండా పిల్లలకు ఇనుము, సున్నం, విటమిన్లు దొరుకుతాయి.

1983లోనే అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇవ్వసాగింది. ఆకలితో ఉన్నవాళ్ళకు అది పెద్ద ఆసరా అయింది. కాని ఎక్కడో పండిన బియ్యం ఇంటికి వస్తుంటే ఈ మెట్టనేలల్లో పండే జొన్నకూ కొర్రకూ ఆదరణ తగ్గింది. “మన ఊరి గింజలనే మన ఊళ్ళో చవకగా ఎందుకు పంచుకోకూడదు?” అని సంఘాలవాళ్ళు ఆలోచించారు. 1990 తరవాతి సంవత్సరాల్లో, కేంద్ర ప్రభుత్వ సహాయంతో, కొన్ని ఊళ్ళలో ఆ పని చేసి చూపించారు. బీడు సాగుచేసే రైతుకు దున్నకానికీ, ఎరువుకూ, విత్తనానికీ పెట్టుబడి ఇచ్చారు. రైతు ఆ బాకీని డబ్బుతో కాక జొన్నలతో, కొన్నేళ్ళపాటు, కొంచెం కొంచెంగా తీర్చాలి. ఆ జొన్నలు ఊళ్ళోనే నిలవచేసి, గడ్డురోజుల్లో పేదవాళ్ళకు తక్కువ ధరకు ఇచ్చారు.

ఎవరు పేద అన్నది ఎట్లా తేల్చారు? ఊరి మధ్య నేలమీద రంగుముగ్గులతో ఊరి పటం గీశారు. ఒక్కొక్క ఇంటినీ చూపించి, ఆ ఇంటి పరిస్థితి ఏమిటో ఊరంతా కూర్చుని నిర్ణయించారు. అందరిలోకీ పేద ఇంటికి అందరికన్న ఎక్కువ గింజలు! ఊరి సంగతి ఊరివాళ్ళకు తెలిసినంతగా కాగితాలకు తెలియదు గదా.

కడుపు నిండటం ఒక్కటే చాలదు. నలుగురిలో మాట చెల్లాలి. 2008 అక్టోబరు 15న మాచనూరులో వీళ్ళ సంఘం రేడియో ప్రసారాలు మొదలుపెట్టింది. గ్రామీణ స్త్రీలే నడిపే ఆ రేడియోలో పాటలు, పంటల ముచ్చట్లు, వైద్యాలు, అన్నీ ఆ ఊళ్ళ భాషలోనే వినిపించారు. దాన్ని నడిపిన ఇద్దరి పేర్లూ నర్సమ్మే! ఒకరు జనరల్ నర్సమ్మ, ఇంకొకరు అల్గోల్ నర్సమ్మ.

చదువు రాని స్త్రీలు కొందరు వీడియో కెమెరా పట్టటం కూడా నేర్చారు. పైనుంచి కిందికి చూస్తూ తీసిన దృశ్యానికి వాళ్ళు పెట్టిన పేరు “పటేల్ షాట్”. గొప్పవాడు అరుగు మీద నిలబడి కిందివాళ్ళను చూస్తే అట్లాగే కనిపిస్తుందిట! కెమెరాను ఎదుటివారి కళ్ళకు సమంగా పెట్టి తీస్తే అది “సంఘం షాట్”. సంఘంలో అందరూ సమానమే గదా.

ఏటా సంక్రాంతి రోజుల్లో వీళ్ళు పాత పంటల జాతర చేస్తూ వచ్చారు. ఎడ్లబండ్లను అలంకరించి, వాటి మీద రకరకాల విత్తనాల బుట్టలు పెట్టి, పాటలతో, మేళతాళాలతో ఊరూరా ఊరేగిస్తారు. దేవుణ్ణి ఊరేగించినట్టే!

2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి విభాగం ఈ సంస్థకు ఈక్వేటర్ బహుమానం ఇచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఒకప్పుడు పేదల తిండి అని ఈసడించిన కొర్రా సామా పెద్ద పట్నాల్లో మంచి ధరకు అమ్ముడుపోయాయి. ఆ ఏడే మార్చి 19న సతీష్ గారు కన్నుమూశారు.

జహీరాబాదు ప్రాంతంలో పేదరికం పూర్తిగా మాయమయిందని చెప్పటం అబద్ధమవుతుంది. వానలు ఇప్పటికీ మోసం చేస్తాయి, చెరకూ పత్తీ వేసే పొలాలు చుట్టూ ఉన్నాయి. కాని విత్తనం కోసం మరొకరి గుమ్మం ముందు నిలబడే అవసరం ఆ సంఘాల స్త్రీలకు తప్పింది.

మీ అమ్మమ్మనో నాయనమ్మనో ఒక మాట అడిగి చూడండి: ఆమె చిన్నతనంలో మీ ఊళ్ళో ఏయే గింజలు పండేవి? వాటిని ఎట్లా దాచేవారు? ఆమె చెప్పిన పేర్లన్నీ పుస్తకంలో రాసుకోండి. వాటిలో ఎన్నింటిని మీరు చూశారో లెక్కపెట్టండి. చూడనివాటిలో ఒక్క రకం పిడికెడు గింజలు సంపాదించి పెరట్లో చల్లగలిగితే, మీ ఇంట్లో కూడా ఒక బ్యాంకు తెరిచినట్టే.