మంచు లేని కొండలు – మన యువత పని

వాతావరణ మార్పు అనగానే పత్రికల్లో కరిగిపోతున్న మంచుకొండల బొమ్మ వేస్తారు. మంచు లేని కొండల సంగతి ఎవరూ ఎత్తరు. మన బ్రహ్మంగారిమఠం చుట్టూ ఉన్నవి అలాంటి కొండలే. ఇది నల్లమల దక్షిణపు కొస. కిందికి పోతే లంకమల, పెన్న దాటితే పాలకొండలు, ఆ వెనుక శేషాచలం. జమ్మలమడుగు వైపు పోతే గండికోట ఉన్న ఎర్రమల. వీటి మీద మంచు పడదు. జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. ఆ వానను కొండ కాసేపు పట్టి ఉంచితే వంక పారుతుంది, చెరువు నిండుతుంది, బావిలో ఊట వస్తుంది. పట్టి ఉంచకపోతే ఆ పూటే వరదై పోతుంది. ఆ మరుసటి వారం నుంచే కరువు మొదలు.

ఈ హాస్టల్లో చదువుకుంటున్న మేమంతా కొండ అంచు పల్లెల వాళ్ళమే. మా ఇళ్ళలో చాలామందికి సొంత భూమి లేదు, ఉన్నా ఎకరా అరెకరా. జీవాలు మేసేది కొండ కింద. చెరువు నిండి వరి నాటితే మా అమ్మలకు కూలి. చెరువు ఎండితే హైదరాబాదుకో బెంగుళూరుకో మూట కట్టాలి. కాబట్టి కొండ పచ్చగా ఉందా లేదా అన్నది మాకు సైన్సు పాఠం మాత్రమే కాదు, ఇంటి లెక్క.

ముందు అసలు మారుతున్నది ఏమిటో చూద్దాం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. ఆ పట్టుకున్నది ఒక్కసారిగా దించుతుంది. అంటే ఏడాది మొత్తం వాన పెద్దగా మారకపోయినా, అది తక్కువ రోజుల్లో ఎక్కువ జోరుగా పడుతుంది. మధ్యలో ఎండు రోజులు పెరుగుతాయి. మైదానంలో ఇది ఇబ్బంది. వాలు ఉన్న కొండ మీద ఇది ప్రమాదం.

2021 నవంబరు 19వ తేదీ మన జిల్లాలో మరచిపోలేనిది. బంగాళాఖాతం వాయుగుండం వల్ల శేషాచలం కొండల్లో కుండపోత కురిసింది. చెయ్యేరుకు వచ్చిన వరదకు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. రాజంపేట దగ్గర పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట గ్రామాల మీదుగా నీళ్ళు పోయాయి. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి, పొలాల మీద ఇసుక మేట వేసింది. అదే నెలలో తిరుమల ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడ్డాయి. కట్ట తెగడానికి గేట్లు, నిర్వహణ వంటి కారణాలు కూడా చర్చకు వచ్చాయి. తప్పంతా వాన మీదికి నెట్టడం మాకు ఇష్టం లేదు. అయితే అంత వాన అంత కొద్ది సమయంలో పడినప్పుడు, పైన కొండ గట్టిగా ఉందా, బోడిగా ఉందా అన్నది కింద ఊరికి చాలా తేడా చేస్తుంది.

ఈ విషయం మన పూర్వీకులకు బాగా తెలుసు. మనకు దగ్గరలోనే పోరుమామిళ్ళ చెరువు ఉంది. విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కరుడు దాన్ని కట్టించినట్లు 1369 నాటి శాసనం చెబుతోంది. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు ఆ శాసనంలో ఉన్నాయి. దూరం నుంచి వచ్చే తీయని నీటి ఏరు ఉండాలి, కట్టకు రెండు పక్కలా కొండ తగిలి ఉండాలి, అడుగు నేల గట్టిగా ఉండాలి, ఇలా వరుసగా చెబుతుంది. 2 సంవత్సరాల పాటు 1000 మంది కూలీలు, 100 బండ్లు పని చేశారట. రాజు పేరు, ఆయన వంశం అంతా శాసనంలో ఉంది. ఆ వెయ్యి మందికి లెక్క మాత్రమే మిగిలింది, పేర్లు లేవు. వాళ్ళు ఎవరి తాతలో మనం ఊహించుకోవచ్చు. ఆ చెరువైనా, దానికి ముందూ వెనుకా కట్టిన వందల చిన్న చెరువులైనా కొండ మీద చెట్టూ గడ్డీ ఉంటేనే పనికి వస్తాయి. కొండ బోడి అయితే నీటి కంటే ముందు మట్టి వచ్చి చెరువులో కూర్చుంటుంది.

మరి కుర్రవాళ్ళు చేయగలిగింది ఏమిటి? మొక్క నాటి ఫోటో దిగడం అందరికీ తెలిసిన సమాధానం. జూలైలో నాటిన మొక్క నీళ్ళు పోసే దిక్కు లేక మార్చికి ఎండిపోతే, మరుసటి జూలైలో అదే గుంతలో ఇంకొకటి నాటుతారు. మొక్కలు నాటడం చెడ్డదని మేము అనడం లేదు. బడి ఆవరణలో, రోడ్డు పక్కన, నీళ్ళు పోసే మనిషి ఉన్నచోట తప్పక నాటాలి. కొండ సంగతి వేరు. మన కొండల్లో పైకి బోడిగా కనిపించే చోట కూడా నేలలో పాత మొద్దులు, వేళ్ళు బతికే ఉంటాయి. తడి అంది, నిప్పు తగలకుండా, చిగురు కొరికే నోరు రాకుండా నాలుగైదేళ్ళు కాపాడితే అవే లేస్తాయి. ఎవరూ నాటని చెట్టుకు ఎవరూ నీళ్ళు పోయనక్కర లేదు.

దీనికి రుజువు పక్క జిల్లాలోనే ఉంది. అనంతపురం జిల్లా (2022 తర్వాత శ్రీసత్యసాయి జిల్లా) చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ, చుట్టుపక్కల పల్లెల వాళ్ళతో కలిసి రాళ్ళు తేలిన గుట్టలను కాపాడటం మొదలుపెట్టింది. దానికి కల్పవల్లి అని పేరు. 7,000 ఎకరాలకు పైగా గుట్టలు ఇలా పచ్చబడ్డాయి. అక్కడ ప్రధానంగా చేసింది కాపలా. కాపలాదారులను పెట్టుకున్నారు, వేసవికి ముందు నిప్పు దాటకుండా గడ్డి కోసి దారులు తీశారు, వానకు ముందు గింజలు చల్లారు. గడ్డి వచ్చింది, వంకల వెంబడి ఈత చెట్లు వచ్చాయి, కింది చెరువుల్లో నీళ్ళు నిలిచాయి. దేశంలోనే వాన తక్కువ పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురంలో ఇది జరిగిందంటే, మనకు సాకు చెప్పడానికి వీలు లేదు.

అదే కల్పవల్లిలో తర్వాత గాలిమరలు వచ్చాయి. గాలి కరెంటు బొగ్గు కరెంటు కంటే మంచిదే. కానీ వాటి కోసం వేసిన వెడల్పాటి రోడ్లు కొండలను కోసి, మట్టిని వంకల్లోకి తోశాయన్న ఫిర్యాదు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. పచ్చ రంగు పూసినవన్నీ కొండకు మేలు చేయవని దీన్నిబట్టి తెలుసుకోవాలి.

ఇక కందకాల సంగతి కొంచెం వివరంగా చెప్పుకుందాం, ఎందుకంటే ఇది మన చేతుల్లో ఉన్న పని. వాలుకు అడ్డంగా కందకం తవ్వి, మట్టిని కింది వైపు గట్టుగా పోస్తే, జారిపోయే నీరు అందులో ఆగి నేలలోకి ఇంకుతుంది. కిటుకంతా కందకం అంచు సరిగ్గా ఒకే మట్టంలో ఉండటంలోనే ఉంది. ఒక కొస కాస్త పల్లమైనా నీరంతా అటు పరుగెత్తి, గట్టు తెంచి, కొత్త వంకను కోస్తుంది. అలాంటి కందకం లేకపోవడమే మేలు.

మట్టం చూడటానికి ఇంజనీరు పరికరం అక్కరలేదు. ఏడడుగుల వెదురు బొంగులు రెండు సమానంగా తీసుకుని పైన కలిపి కట్టాలి. నడుము ఎత్తున మూడోది అడ్డంగా కట్టాలి. ఇంగ్లీషు అక్షరం ‘ఏ’ లాగా ఉంటుంది కనుక దాన్ని ఏ ఫ్రేము అంటారు. పై కొస నుంచి పురికొసకు రాయి కట్టి వేలాడదీయాలి. ఫ్రేమును ఎక్కడైనా నిలిపి, పురి అడ్డబొంగును తాకిన చోట గీత పెట్టాలి. తర్వాత కాళ్ళు అటుది ఇటు మార్చి, అవే రెండు గుర్తుల మీద నిలిపి, ఇంకో గీత పెట్టాలి. రెండు గీతల నడిమి బిందువే మట్టం గుర్తు. ఇప్పుడు కొండవాలు మీద ఒక కాలు కదలకుండా ఉంచి, రెండో కాలిని పైకీ కిందికీ జరుపుతూ పోతే, పురి నడిమి గుర్తు మీద పడిన చోట రెండు కాళ్ళూ ఒకే మట్టంలో ఉన్నట్లు. అక్కడ గూటం కొట్టి ముందుకు సాగాలి. గూటాలన్నీ కలిపితే వచ్చే వంకర గీత మీద కందకం తవ్వాలి. లెక్కల పాఠంలో సమద్విబాహు త్రిభుజం ఎందుకు చదువుతున్నామని విసుక్కునే తమ్ముళ్ళకు ఇది జవాబు. మేము ఒక ఆదివారం హాస్టల్ ఆవరణలో దీన్ని కట్టి చూశాం. బజారులో కొన్నది ఏమీ లేదు.

పని ఎప్పుడూ కొండ పైభాగం నుంచి కిందికి రావాలి. కింద చెక్‌డ్యాం కట్టి పైన వదిలేస్తే రెండు వానలకు అది మట్టితో పూడిపోతుంది. కందకాలను ఒకే గీతగా కాక, చదరంగం గళ్ళ మాదిరి ఎడం ఎడంగా తవ్వితే ఒకటి నిండి పొర్లినా కిందిది అందుకుంటుంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం కింద మన పెద్దలు ఇలాంటి కందకాలు ఎన్నో తవ్వారు. కొలతలు పెట్టినవాళ్ళు వేరు, తవ్వినవాళ్ళు వేరు. తవ్వే ఇంటి పిల్లలకే కొలత తెలిస్తే, ఎక్కడ తవ్వాలో గ్రామసభలో మనమే అడగవచ్చు.

ఒక హెచ్చరిక. రిజర్వు అడవిలో అటవీశాఖ అనుమతి లేకుండా గడ్డపార వేయరాదు, అది నేరం. ఊరి పోరంబోకు గుట్టల్లో పంచాయతీ తీర్మానంతో చేయవచ్చు. 1992 నుంచి మన రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. మీ ఊరికి సమితి ఉందో లేదో బీట్ ఆఫీసరును అడిగి తెలుసుకోండి.

నీళ్ళ తర్వాత నిప్పు. ఫిబ్రవరి నుంచి మే దాకా మన కొండల్లో బోదగడ్డి ఎండి కాగితంలా ఉంటుంది. అడవి తనంతట తాను అంటుకోవడం ఇక్కడ బహు అరుదు. ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క, తేనె కోసం పెట్టిన పొగ, వాన పడగానే లేత గడ్డి వస్తుందని జీవాల కోసం పెట్టిన మంట, ఇవే కారణాలు. లేత గడ్డి వచ్చే మాట నిజమే. కానీ ఆ మంటకు ఏడాది రెండేళ్ళ చెట్టు చిగుళ్ళు చచ్చిపోతాయి, ఆకుల పొర కాలి మట్టి బయటపడుతుంది, తొలి వానకు బూడిదతో సహా చెరువులోకి దిగుతుంది. వేసవి వేడి పెరిగేకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది. 2014 మార్చిలో తిరుమల కొండల్లో మంటలు లేచినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీళ్ళు చల్లాయి. ఊరి గుట్టకు హెలికాప్టర్ రాదు.

జనవరిలోనే గడ్డి కోసి, కొన్ని గజాల వెడల్పున నేల శుభ్రం చేసి దారులు తీస్తే నిప్పు అక్కడ ఆగుతుంది. కోసిన గడ్డి పశువులకు, పాకలకు పనికి వస్తుంది. భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుంచి ఉపగ్రహాల ద్వారా నిప్పును గుర్తిస్తోంది. దాని వెబ్‌సైటులో నమోదు చేసుకుంటే ఫోనుకు సమాచారం వస్తుంది. పొగ చూసిన వెంటనే అటవీ సిబ్బందికి చెప్పడం వరకే పిల్లల పని. ఆర్పడానికి పరుగెత్తకూడదు, కొండవాలు మీద మంట మనిషి కంటే వేగంగా పైకి ఎక్కుతుంది.

ఇంతవరకు చేయవలసిన పనులు చెప్పాం. చేయకుండా వదిలేయవలసిన చోటు కూడా ఒకటుంది. లంకమల అంచున, సిద్ధవటం వైపు, కంప పొదలు, మధ్యలో ఖాళీ నేల ఉన్న చిట్టడవి ఉంది. చూసేవాళ్ళకు అది పనికిరాని బీడు. 1900 తర్వాత కనిపించక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఆ బీడులోనే దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు ఎంత వెతికినా చిక్కనిది, ఐతన్న అనే స్థానిక వేటగాడి చేతికి రాత్రిపూట చిక్కింది. దాని కోసం 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 2005 ప్రాంతంలో తెలుగుగంగ కాలువ దాని చోటును తొలుస్తుంటే పని ఆపించి కాలువ దారి మార్చారు. మఠం దగ్గరి బ్రహ్మంసాగర్ నిండేదీ ఆ తెలుగుగంగ నీళ్ళతోనే, అవి మనకు కావలసినవే. రెండూ దక్కే దారి వెతికితే దొరికింది. చాలా ఏళ్ళు జాడ లేకుండా పోయిన ఆ పక్షి కూతను 2025 ఆగస్టులో పక్షి పరిశీలకులు మళ్ళీ రికార్డు చేశారు. అటువంటి నేలలో కందకాలు తవ్వి, దట్టంగా మొక్కలు నాటితే కలివికోడికి తావు లేకుండా పోతుంది.

లడఖ్‌లో సెక్మాల్ అనే బడి ఉంది. పదో తరగతి తప్పిన పిల్లల కోసం పెట్టింది. 2013-14 చలికాలంలో ఆ పిల్లలు సోనమ్ వాంగ్‌చుక్‌తో కలిసి, వృథాగా పోయే వాగు నీటిని పైపుల్లో దించి, గోపురంలా గడ్డ కట్టించారు. ఆ మంచు స్తూపం వసంతంలో మెల్లగా కరిగి మొక్కలకు నీరిచ్చింది. వాళ్ళు చలికాలపు నీటిని మంచులో దాచుకున్నారు, మనం నవంబరు వానను మట్టిలో దాచుకోవాలి. పదో తరగతి తప్పిన పిల్లలు చేశారన్న మాట మాత్రం మా గదిలో చాలామందికి ధైర్యం ఇచ్చింది.

చివరగా, చెప్పడానికి కష్టమైనదే అయినా దాచరాని మాట. మన కొండలు యువకులకు ఇచ్చే పని ఇంకొకటి ఉంది. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది ప్రధానంగా ఈ కొండల్లోనే. రాత్రికి రాత్రి మోసే దుంగకు వచ్చే డబ్బు నెల కూలి కంటే ఎక్కువ. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది చనిపోయారు. వాళ్ళు కొండ ప్రాంతపు పేదలే, దుంగ అమ్ముకుని మేడలు కట్టినవాళ్ళు కారు. కొండను కాపాడటానికి ఏటా నాలుగు నెలలు నిప్పు కాపలా కూలి సరిగ్గా, సమయానికి దొరికితే ఎంతమంది కుర్రవాళ్ళు ఆ దారి పట్టకుండా ఉంటారో ఆలోచించవలసిన విషయం. పచ్చదనం గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఈ కూలి సంగతి కూడా మాట్లాడాలని మా కోరిక.

మన హాస్టల్లో చదివి వాటర్‌షెడ్డుల్లో, అటవీశాఖలో, ఇంజనీరింగు శాఖల్లో పని చేస్తున్న అన్నలు, అక్కలు ఎక్కడ ఉన్నా ఒక మనవి. పదో తరగతి వాళ్ళకు మార్చిలో పరీక్షలు. కాబట్టి జనవరిలో, సంక్రాంతి సెలవుల తర్వాత ఏదైనా ఒక ఆదివారం మా దగ్గరికి రండి. ఏ ఫ్రేము మా దగ్గర సిద్ధంగా ఉంది. నిప్పుదారి ఎంత వెడల్పు ఉండాలో, గడ్డి ఏ వైపు నుంచి కోయాలో, పంచాయతీకి అర్జీ ఎలా రాయాలో మీరు చూపించండి. భోజనం హాస్టల్లోనే.