నేలను నెట్టినవాడే గెలుస్తాడు

"తాతా, ఆ అయిదుగురు బంతిని ముట్టనే ముట్టరు కదా. మరి వాళ్లకు కోట్ల జీతమెందుకు?"

అడిగింది మా మనుమరాలు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో పుట్టిన పిల్ల. డల్లాస్ కౌబాయ్స్ జట్టు మకాం కూడా ఆ ఊళ్లోనే. కాబట్టి అమెరికన్ ఫుట్‌బాల్ అంటే దానికి ప్రాణం. ఇక్కడ మేడ్చల్‌లో పెరుగుతున్న మా చిన్నోడికి కబడ్డీ తప్ప ఇంకోటి ఆటే కాదు, తెలుగు టైటాన్స్ తప్ప ఇంకోటి జట్టే కాదు. ఇద్దరికీ మధ్యన నేను. రండి పిల్లలూ, మీరూ ఇట్లా వచ్చి కూర్చోండి.

ముందు అమెరికన్ ఫుట్‌బాల్ సంగతి. జట్టుకు 11 మంది. బంతి ఎవరి దగ్గరుంటే ఆ జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి. పోతే ఇంకో నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. బంతిని విసిరైనా పోవచ్చు, చంకన పెట్టుకుని ఉరికైనా పోవచ్చు. ఆ ఉరికేవాడికి దారి చేసిపెట్టేవాళ్లే మా మనుమరాలు అడిగిన అయిదుగురు. నడుమ సెంటర్, అతనికి చెరో పక్క గార్డ్, ఆ చివరా ఈ చివరా ట్యాకిల్. అందరినీ కలిపి అఫెన్సివ్ లైన్‌మెన్ అంటారు. ఒక్కొక్కడు 140 కిలోలకు అటూ ఇటూ తూగుతాడు. మామూలుగా ముందుకు విసిరిన బంతిని వీళ్లు పట్టకూడదు. ఎదుటివాణ్ణి వాటేసుకుని ఆపకూడదు, ఆపితే జట్టు 10 గజాలు వెనక్కి పోవాలి. ఇక మిగిలింది ఒకటే పని, నెట్టడం.

"మా కబడ్డీలో అయితే పట్టుకోవడమే పని" అన్నాడు చిన్నోడు. నిజమేరా. మన దగ్గర కూతకొచ్చినవాడు ఒక్కడు, పట్టేవాళ్లు ఏడుగురు. అక్కడ ఉరికేవాడికి తోడుగా అయిదుగురు నెట్టేవాళ్లున్నారు, అంతే తేడా. దూరాలు కూడా దగ్గర దగ్గరే. అమెరికా వాళ్ల ప్రొఫెషనల్ లీగ్‌లో ఒక పరుగుకు సగటున వచ్చేది నాలుగు గజాల పైచిలుకు. నాలుగు గజాలంటే 3.66 మీటర్లు. మన కబడ్డీ కోర్టులో నడిగీత నుంచి బాక్ లైన్ దాకా 3.75 మీటర్లు. అంత పెద్ద మైదానంలో వాళ్లు పడే పాట్లన్నీ మనవాడు కూతకెళ్లి తొక్కి వచ్చే ఆ కాస్త జాగా కోసమే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇద్దరు 140 కిలోల మనుషులు ఛాతీకి ఛాతీ ఆనించి నెట్టుకుంటున్నారు. ఎవరు ఎక్కువ బలంతో నెడుతున్నట్టు?

"గెలిచినవాడు" అన్నారు ఇద్దరూ ఒకేసారి. తప్పు! న్యూటన్ 1687లో చెప్పిన మూడో సూత్రం ప్రకారం ఇద్దరూ ఒకరినొకరు సరిసమానంగానే నెడుతున్నారు. ఓడేవాడు వెనక్కి జరుగుతున్నప్పుడు కూడా అంతే. మరి గెలుపెక్కడుంది? పాదాల కింద ఉంది. ఎవడు నేలను ఎక్కువ గట్టిగా వెనక్కి తన్నగలిగితే, వాణ్ణి నేల అంత గట్టిగా ముందుకు తోస్తుంది.

దీనికి డల్లాస్ వాళ్ల దగ్గరే మంచి సాక్ష్యం ఉంది. 1994లో ఆ జట్టులో చేరిన ల్యారీ అలెన్ అనే లైన్‌మన్ బల్ల మీద వెల్లకిలా పడుకుని 317 కిలోల బరువును చేతులతో పైకెత్తాడు. అదే మనిషి నిలబడి ఎదుటివాడి మీద అంత తోపు చూపించగలడా? లేడు. పడుకున్నప్పుడు వీపు వెనక బల్ల ఉంది. నిలబడితే ఆసరా రెండు పాదాలే. చేతుల్లో ఎంత సత్తువ ఉన్నా, పాదాలు జారితే ఆ సత్తువంతా తననే వెనక్కి తోస్తుంది.

మరి నేల నుంచి ఎక్కువ రాబట్టడం ఎట్లా? మొదటి కిటుకు, వంగడం. ఇంట్లో బీరువా జరిపేటప్పుడు చూడండి. నిటారుగా నిలబడి తోస్తే మనమే వెనక్కి తూలుతాం. కాళ్లు వెనక్కి పెట్టి, ఒళ్లు ముందుకు వాల్చి, కింది భాగంలో చేతులానిస్తే జరుగుతుంది. లెక్క కూడా చెప్తాను, పలక తీయండి. 140 కిలోల మనిషి శరీర భారకేంద్రం పాదాలకన్నా 60 సెంటీమీటర్లు ముందుకు వాలింది అనుకుందాం. 120 సెంటీమీటర్ల ఎత్తులో చేతులానిస్తే, 140ని 60తో గుణించి 120తో భాగించండి. 70 కిలోల బరువుకు సమానమైన తోపు. చేతులను 90 సెంటీమీటర్లకు దించితే? 93 కిలోలు! మనిషి అదే, కండ అదే. ఒక జానెడున్నర కిందికి దిగినందుకు మూడో వంతు లాభం. నిటారుగా నిలబడితే వాలడమే లేదు, కాబట్టి నిలకడైన తోపు కూడా సున్నా. కిందికి దిగినవాడిదే గెలుపని అక్కడి కోచ్‌లు అరిచేది ఇందుకే.

రెండో కిటుకు ఇంకా గడుసుది. ఎదుటివాడి చంకల కిందుగా చేతులు పెట్టి, ముందుకూ కాస్త పైకీ కలిపి తోయాలి. అప్పుడు అతని బరువులో కొంత వీడి పాదాల మీదికి వస్తుంది. వీడికి నేల మీద పట్టు పెరుగుతుంది, వాడికి తగ్గుతుంది. కబడ్డీలో తొడ పట్టినవాడు కూతకొచ్చినవాణ్ణి గాల్లోకి లేపడం చూశారు కదా? లేపాక వాడెంత పహిల్వాన్ అయినా లాభం లేదు. తన్నడానికి కాలికింద నేలే లేదు.

నేలలో కూడా తేడాలున్నాయి. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల మనవి ఎర్ర చెలకలు. ఎండాకాలం పైన దుబ్బ లేస్తుంది, ఆ గింజలు పాదం కింద దొర్లుతాయి. అందుకే మట్టి కోర్టు మీద నీళ్లు చల్లి తొక్కి గట్టి చేస్తారు. 2014లో మొదలైన ప్రో కబడ్డీలో మ్యాట్, దాని మీద బూట్లు. పట్టు ఎక్కువ కాబట్టి ఆటలో వేగమూ ఎక్కువే. లైన్‌మెన్ బూట్ల కింద ముళ్లలాంటి దిమ్మలుంటాయి, అవి గడ్డిలో దిగబడతాయి.

ఇక దారి చేయడం. ఉరికేవాడికి రహదారి అక్కర్లేదు. మీటరు సందు, అరసెకను సమయం చాలు. సెకనుకు ఆరు మీటర్ల వేగంతో వచ్చేవాడు అరసెకనులో మూడు మీటర్లు దాటిపోతాడు. ఆ సందు కోసం ఇద్దరు లైన్‌మెన్ కలిసి ఒకణ్ణి తోస్తారు. రెండు జతల పాదాలు నేలను తన్నుతుంటే ఒక జత ఎక్కడ ఆపుతుంది? కబడ్డీలో ఇద్దరు చెయ్యీ చెయ్యీ పట్టి గొలుసు కట్టడంలో ఉన్న ఉపాయమూ ఇదే.

ఎమిట్ స్మిత్ అనే ఆటగాడు 1990 నుంచి 2004 దాకా ఆడి, బంతితో ఉరికి 18,355 గజాలు సంపాదించాడు. ఆ లీగ్‌లో అదే రికార్డు. దాదాపు 16.8 కిలోమీటర్లు! మేడ్చల్‌లో బయల్దేరితే శామీర్‌పేట చెరువు దాటిపోవచ్చు. ఆడిన కాలంలో 13 ఏళ్లు డల్లాస్‌కే ఆడాడు. అతని ముందు నిలబడ్డ లైన్‌కు గ్రేట్ వాల్ ఆఫ్ డల్లాస్ అని పేరు. కానీ ఆ గజాల్లో ఒక్కటి కూడా ఆ గోడలో ఎవరి ఖాతాలోనూ రాయలేదు. అమ్మలూ, జీతమెందుకని అడిగావు కదా. లెక్కలో రాని గజాలకే ఆ జీతం.

అయితే ఈ పనికి ఇంకో ఖరీదూ ఉంది. మైక్ వెబ్‌స్టర్ అని పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు సెంటర్, ఆ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ను నాలుగుసార్లు గెలిచినవాడు. 2002లో 50 ఏళ్లకే పోయాడు. నైజీరియాలో పుట్టిన బెనెట్ ఒమాలు అనే డాక్టరు అతని మెదడును పరీక్షించి, ఏళ్ల తరబడి తగిలిన దెబ్బల వల్ల జబ్బు పడిందని 2005లో పరిశోధన పత్రం రాశారు. మెదడు మెత్తటిది. పుర్రె టక్కున ఆగినా, లోపలున్న మెదడు ఇంకా ముందుకే పోతుంది. హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది కానీ లోపలి కుదుపును పూర్తిగా ఆపలేదు.

హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో సీటు రావాలని ఆశపడే పిల్లలు మన చుట్టుపక్కల ఎంతోమంది. వాళ్లకూ మీకూ కలిపి చెప్తున్నాను. మోకాళ్లు వంచండి, నడుము దించండి, భుజంతో తోయండి. తలను మాత్రం ముందుకు దూర్చకండి, చూపు ఎప్పుడూ ఎదుటివాడి మీదే ఉండాలి. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగితే ఆ రోజుకు ఆట చాలించి, ఇంట్లో చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లండి.