పొద్దు తగ్గితే గ్రుడ్డు తగ్గుతుంది



పుష్యమాసం వచ్చిందంటే కోళ్ళు పెంచేవారు తరచు ఒకే మాట అంటారు: "మేత అంతే వేస్తున్నాము, నీళ్ళు అంతే పెడుతున్నాము, గ్రుడ్లు మాత్రం తగ్గిపోయినవండీ!" పెట్టలు ముదిరినవనుకొని కోతకు అమ్మేవారు కూడ కలరు. అమ్మేముందు ఒక్క సంగతి ఆలోచించండి. తగ్గినది మేత కాదు, పొద్దు.

మన ప్రాంతంలో జూన్ నెలలో పగలు సుమారు 13 గంటలుంటే, డిసెంబరులో 11 గంటలే ఉంటుంది. ఈ తేడా కోడికెట్లా తెలుస్తుంది? కోడి మెదడుమీద, పుర్రె క్రిందనే, పీనియల్ అనే చిన్న గ్రంథి ఉన్నది. పుర్రెగుండా దిగిన వెలుతురును ఇది తానే గుర్తించగలదు. చీకటి పడినాక మెలటోనిన్ అనే హార్మోనును రక్తంలోకి వదలుతుంది, తెల్లవారితే తగ్గిస్తుంది. రాత్రి ఎంత పొడవైతే మెలటోనిన్ అంతసేపు ఉంటుంది. కావలివాడు జాములు లెక్కపెట్టినట్లే అనుకోండి.

ఈ లెక్క గ్రుడ్డుదాకా ఎట్లా పోతుంది? 2000లో జపాన్ శాస్త్రజ్ఞుడు కజుయోషి త్సుత్సుయి బృందంవారు కౌజుపిట్టల మెదడులో ఒక కొత్త హార్మోనును కనుగొన్నారు. పిట్యూటరీ గ్రంథికి కళ్ళెం వేయడం దాని పని. మెలటోనిన్ ఆ కళ్ళేన్ని బిగిస్తుందని 2005లో కౌజుల్లోనే తేలినది. కోళ్ళలోనూ ఈ హార్మోను ఉన్నది. కళ్ళెం బిగిస్తే పిట్యూటరీనుండి అండాశయానికి వెళ్ళే ఆజ్ఞ సన్నగిల్లుతుంది. అప్పుడు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరోన్ అనే స్టిరాయిడ్ హార్మోనులు తగ్గుతాయి. ఈస్ట్రోజన్ చాలకపోతే కాలేయం సొనకు కావలసిన సరుకు తయారుచేయదు. ప్రొజెస్టిరోన్ చాలకపోతే పండిన సొన అండాశయాన్ని విడిచి రాదు.

అయితే పీనియల్ ఒక్కటే కర్త కాదు. మెదడు లోపలి భాగాలు కూడ వెలుతురును గుర్తించి, పగలు పెరిగినప్పుడు పిట్యూటరీని తట్టి లేపుతాయి. ఒకటి కళ్ళెం, ఒకటి ములుకోల. రెండూ పొద్దునుబట్టే నడుస్తాయి.

కనుక గ్రుడ్లుపెట్టే పెట్టకు పగలు, దీపము కలిపి 16 గంటల వెలుతురు ఇవ్వండి. డిసెంబరులో తెల్లవారుజామున 4 గంటలనుండి తెల్లవారేవరకు, సాయంత్రం పొద్దుగూకినది మొదలు రాత్రి 8 గంటలవరకు బల్బు వెలిగిస్తే లెక్క సరిపోతుంది. ఒక్కసారిగా పెంచకండి, వారానికి అరగంట చొప్పున పెంచండి. మేతతొట్టి దగ్గర పత్రిక చదువగలిగినంత వెలుతురు చాలు. మిగిలిన 8 గంటలు చీకటిలో విశ్రాంతి తీసుకోనివ్వండి.

రెండు జాగ్రత్తలు మరువకండి. ఎదిగే పిల్లలకు వెలుతురు పెంచరాదు. శరీరం నిండకముందే కూతకు వచ్చి చిన్న గ్రుడ్లు పెడతాయి. కూతకు వచ్చిన పెట్టలకు వెలుతురు తగ్గించరాదు. కరెంటు ఖర్చని నడుమ దీపం ఆపితే ఈకలు రాల్చి గ్రుడ్లు మానేస్తాయి.

దీపం అన్నిటికీ మందు కాదు. కోడి మేత ముట్టకపోయినా, నలతగా ఉన్నా పశువైద్యునికి చూపించండి. నలత లేకుండా గ్రుడ్డు తగ్గితే మాత్రం బల్బు వెలిగించి, కొన్ని వారాలు ఓపిక పట్టండి. కోతకు పంపిన పెట్ట తిరిగి రాదు. పొద్దు తగ్గి ఆగిన గ్రుడ్డు తిరిగి వస్తుంది.