ఫాంట్ల జాబితాలో మన తెలుగు ఎక్కడుంది?
(రేడియో ప్రసంగ పాఠం)

ఇవాళ కంప్యూటరు కబుర్లలో ఒక చిన్న విషయం చెప్పుకుందాం. చిన్నదే కానీ, నాకు కొంచెం కన్నీళ్ళు తెప్పించిన విషయం.

మా నాన్నగారు 2004లో తమ ఊరి జ్ఞాపకాలు పద్నాలుగు పేజీలు టైపు చేయించి నాకు పంపారు. ఆయన పోయాక ఒకరోజు ఆ ఫైలు తెరిచాను. ఒక్క తెలుగు అక్షరం లేదు! అన్నీ టోపీలు, చుక్కలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు. పాడైపోయిందనుకుని చెత్తబుట్టలో వేయబోయాను. చివరి నిమిషంలో ఆ రాత మీద క్లిక్ చేస్తే, పైన ఫాంటు పేరు ఉండే గడిలో ఒక పాత డీటీపీ ఫాంటు పేరు కనబడింది. ఫాంటు కంప్యూటరులో లేకపోయినా దాని పేరు ఫైలులో నిలిచే ఉంటుంది. విజయవాడలో తమ్ముడి దగ్గరున్న పాత సీడీలో ఆ ఫాంటు దొరికింది. ఎక్కించుకున్నాను. తెలుగు ఫాంట్ల గుంపులో వెతికితే మళ్ళీ లేదు! తీరా చూస్తే ఇంగ్లీషు ఫాంట్ల మధ్య కూర్చుని ఉంది.

ఎందుకలా? యూనికోడ్‌లో తెలుగుకి 128 స్థానాల గడి కేటాయించారు. 'అ' అంటే ఏ కంప్యూటరులోనైనా ఒకే సంఖ్య. యూనికోడ్ ఫాంటు తనలో ఏయే లిపులున్నాయో లోపలే రాసి పెట్టుకుంటుంది. ప్రోగ్రాములు సాధారణంగా ఆ రాతను, అందులో ఉన్న అక్షరాలను చూసి ఫాంట్లను భాషలవారీగా విడదీస్తాయి. పాత ఫాంట్లు అలా కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టి పని జరిపించాయి. కంటికి తెలుగు, కంప్యూటరుకి ఇంగ్లీషు. అందుకే వాటిని తెలుగు గుంపులో చేర్చదు.

ఇక జాబితా సంగతి. గూగుల్ డాక్స్ వాడేవారు ఫాంట్ల జాబితాలో 'మోర్ ఫాంట్స్' నొక్కి, 'స్క్రిప్ట్స్' దగ్గర తెలుగు ఎంచుకుంటే చాలు. మండలి, సూరన్న, గిడుగు వంటివి వరసగా వస్తాయి. మ్యాక్‌లో 'ఫాంట్ బుక్' తెరిచి, భాషను బట్టి తనంతట తనే నిండే గుంపు ఒకటి తయారుచేసుకోవచ్చు. లిబ్రే ఆఫీసులో ఆప్షన్లలోకి వెళ్ళి 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్' కింద తెలుగు పెట్టుకుంటే, ఇంగ్లీషుకీ తెలుగుకీ వేరువేరు ఫాంట్లు నిర్ణయించుకోవచ్చు.

వర్డ్‌లో జాబితా ప్రధానంగా అక్షరక్రమంలోనే ఉంటుంది. అక్కడ మనమే పేర్లు గుర్తుపెట్టుకోవాలి. గౌతమి 2001లో విండోస్ ఎక్స్‌పీతో, వాణి 2009లో విండోస్ 7తో, నిర్మలా యూఐ 2012లో విండోస్ 8తో వచ్చాయి. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి కావాలంటే 'ఆప్షనల్ ఫీచర్స్'లో తెలుగు ఫాంట్లను విడిగా చేర్చుకోవాలి. వర్డ్ ఫాంటు పెట్టెలో 'కాంప్లెక్స్ స్క్రిప్ట్స్' అని విడిగా ఒక గడి ఉంటుంది. తెలుగు ఫాంటు, సైజు అక్కడ మార్చాలి. "ఫాంటు మార్చినా తెలుగు మారడం లేదండీ" అనేవారు ముందు ఆ గడి చూడండి.

ఒక హెచ్చరిక. జాబితా చెప్పినదంతా నమ్మకండి. ఎంచుకున్న ఫాంటులో తెలుగు లేకపోతే, కంప్యూటరు చెప్పాపెట్టకుండా వేరే ఫాంటు నుంచి అక్షరాలు అరువు తెచ్చి చూపిస్తుంది. రెండు పేర్లు మార్చినా తెలుగు రూపురేఖలు ఒకేలా ఉన్నాయంటే ఒకటి అరువుదని అనుమానించాలి. అందుకని లక్ష్మి, స్త్రీ, జ్ఞానం, శాస్త్రం అనే నాలుగు మాటలు కొట్టి చూడండి. ఒత్తులు విడిపోయినా, ఖాళీ డబ్బాలు వచ్చినా ఆ ఫాంటు పక్కన పెట్టండి. రూపాయి గుర్తు కూడా కొట్టండి. అది యూనికోడ్‌లో చేరింది 2010లో కనుక పాత ఫాంట్లలో ఉండదు. పెళ్ళి శుభలేఖ అచ్చుకి ఇచ్చాక తెలిస్తే ఏం లాభం?

మా ఇంట్లో ఇప్పుడు ఒక కాగితం మీద మూడు వరసలు రాసుకున్నాం: యూనికోడ్ తెలుగు ఫాంట్లు, పాత తరహా తెలుగు ఫాంట్లు, ఇంగ్లీషు ఫాంట్లు. కొత్తగా రాసేవన్నీ మొదటి వరసతోనే. రెండో వరస పాత ఫైళ్ళు చదవడానికి మాత్రమే. ఎవరికైనా పంపేటప్పుడు పీడీఎఫ్ కూడా జతచేస్తే, అవతలివాళ్ళ దగ్గర ఆ ఫాంటు లేకపోయినా అక్షరాలు చెదరవు.

నాన్నగారి పద్నాలుగు పేజీలూ నేను, మా అమ్మాయి కూర్చుని యూనికోడ్‌లో మళ్ళీ కొట్టాం. తాతయ్య ఊరి చెరువు పేరు దానికి అప్పుడే తెలిసింది. మీ ఇళ్ళలో కూడా అలాంటి పాత ఫైళ్ళుంటే ఈ ఆదివారం ఒక్కటి తెరిచి చూడండి. అక్షరాలు అర్థం కాలేదని మాత్రం పారేయకండి. ముందు ఫాంటు పేరు చూడండి.

సెలవు.